కడుపుమంటకు ఎన్ని క్యాలరీలు?

ఆ రోజు పొద్దున నాకు జీతం పెంచుతున్నట్టు మెయిల్ వచ్చింది. అనుకున్నదానికంటే కాస్త ఎక్కువే పెంచారు. మధ్యాహ్నం దాకా గాల్లో తేలాను. అమ్మకి ఫోన్ చేసి చెప్పాను కూడా. మూడింటికి కాఫీ మెషీన్ దగ్గర పక్క టీమ్ కుర్రాడు, నా తర్వాత రెండేళ్లకి చేరినవాడు, తనకెంత పెరిగిందో మాటల్లో నోరు జారాడు. అంతే, గాలి మొత్తం దిగిపోయింది.

రాత్రి భోజనం మామూలుగానే చేశాను. కడుపు నిండింది, అబద్ధమెందుకు. పదకొండు దాటాక లేచి వంటింట్లోకి వెళ్లాను. లైట్ వెయ్యలేదు, ఫ్రిజ్ తలుపు తెరిస్తే వచ్చే వెలుతురు సరిపోయింది. ఇంటిల్లిపాదికీ అని కొన్న పెద్ద చిప్స్ ప్యాకెట్ ఒకటి అల్మరాలో ఉంది. నిలబడే తిన్నాను. మొదటి గుప్పెడు తర్వాత రుచి తెలియడం మానేసింది, చెయ్యి మాత్రం ఆగలేదు. చివర్లో మూలన మిగిలిన పొడిని అరచేతిలో దులుపుకుని నాలుకకి అద్దుకున్నాను. ఖాళీ ప్యాకెట్‌ని చప్పుడు కాకుండా మడిచి చెత్తబుట్టలో అడుక్కి తోశాను. ఎవరి దగ్గర దాచానో నాకే తెలీదు, ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు. అప్పుడు చాక్లెట్ గుర్తొచ్చింది.

పొద్దున నా దగ్గర ఎంత డబ్బుందో రాత్రికీ అంతే ఉంది. ఇంకా చెప్పాలంటే వచ్చే నెల నుంచి ఎక్కువ రాబోతోంది. మధ్యలో మారిందల్లా నేను దాన్ని దేనితో కొలిచానన్నదే. ఆ కొలత మారేసరికి, నిండిన కడుపు కూడా ఖాళీగా అనిపించింది. ఈ వ్యాసమంతా ఆ ఒక్క ముక్క గురించే. మనం ఏం తింటామన్నదాన్ని జేబులో ఉన్న డబ్బు నిర్ణయిస్తుందని అందరం ఒప్పుకుంటాం. ఆ డబ్బు చాలట్లేదన్న బాధ కూడా అంతే గట్టిగా నిర్ణయిస్తుందని నేనంటాను. ఆ బాధని వదిలేసి కంచం మీద పడే సలహాలన్నీ చాలావరకు వృథా అని కూడా అంటాను.

ఈ సంగతి మన భాషకి ఎప్పుడో తెలుసు. ఎదుటివాడి సంపద చూసి ఓర్చుకోలేకపోతే మనకి మండేది గుండె కాదు, కడుపు. కడుపుమంట అనే మాటని రోజూ వాడతాం గానీ, అది అక్కడే ఎందుకు మండాలని ఎప్పుడూ అడగం. ఉద్యోగం తీసేస్తే పొట్ట కొట్టారంటాం. పని వెతుక్కుంటూ వెళ్తే పొట్ట చేత పట్టుకుని వెళ్లామంటాం. లంచం తింటారు, అప్పు తీసుకున్నవాడు డబ్బు మింగేస్తాడు, వడ్డీ మనల్ని తినేస్తుంది. డబ్బుకీ తిండికీ క్రియాపదాలు వేరుగా ఉంచుకోవాల్సిన అవసరమే మనకి కనిపించలేదు. భాషలో ఉందని శాస్త్రం అయిపోదు, నిజమే. కానీ ఈ విషయం మీద జరిగిన ప్రయోగాలు చదువుతుంటే, ఇదంతా మా అమ్మమ్మ మాటల్లో విన్నదే కదా అనిపిస్తూ ఉంటుంది.

2006లో బెల్జియంలో బార్బరా బ్రియర్స్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు చేసిన కొన్ని ప్రయోగాలు అచ్చయ్యాయి. ఆకలితో ఉన్నవాళ్లు దానం చెయ్యడానికి వెనకాడతారని వాటిలో తేలింది. ఇంకో ప్రయోగంలో కొందరిని అప్పుడే కేకు కాల్చినట్టు వాసన వచ్చే గదిలో కూర్చోబెట్టి డబ్బు ఇచ్చిపుచ్చుకునే ఆట ఆడించారు. వాసన లేని గదిలో వాళ్లకంటే వీళ్లు తక్కువ ఇచ్చారు. ముక్కుకి తగిలింది తిండి వాసన, బిగుసుకున్నది పర్సు. తర్వాత దీన్ని తిరగేసి చూశారు. కొందరిని పెద్ద లాటరీ తగిలినట్టు, కొందరిని చిన్న లాటరీ తగిలినట్టు ఊహించుకోమని, ఆ తర్వాత రుచి చూసే పరీక్ష అని చెప్పి మిఠాయిలు ముందు పెట్టారు. పెద్ద మొత్తం మీద ఆశ పుట్టినవాళ్లు ఎక్కువ తిన్నారు, మరీ తిండి విషయంలో కట్టడిగా ఉండే రకం అయితే తప్ప. డబ్బు ఆకలి, అన్నం ఆకలి రెండూ ఒకే తలుపు తడుతున్నాయన్నమాట.

ఇదే బ్రియర్స్, సాండ్రా లపోర్ట్‌తో కలిసి 2013లో ఇంకో పత్రం ప్రచురించింది. ఆర్థికంగా అసంతృప్తిగా ఉన్నామని అనిపించినప్పుడు మనుషులు ఎక్కువ క్యాలరీలున్న తిండి వైపు మొగ్గుతారన్నది దాని సారాంశం. లోపల ఏదో వెలితి ఉంది. అది డబ్బు వెలితో తిండి వెలితో శరీరం పెద్దగా తేడా చూడదు. డబ్బు చేతికందదు, తిండి అందుతుంది. అందేదాన్ని పట్టుకుంటుంది.

నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయోగం మాత్రం వీళ్లది కాదు. 2005లో అమెరికాలో లీఫ్ నెల్సన్, ఎవాన్ మారిసన్ అనే ఇద్దరు చేశారది. బ్యాంకులో ఎంత డబ్బుందో చెప్పమని విద్యార్థులకి ఫారం ఇచ్చారు. టిక్కు పెట్టడానికి తొమ్మిది గడులు. కొందరి ఫారంలో మొదటి గడి 50 డాలర్ల లోపు, చివరి గడి 500 డాలర్ల పైన. ఇంకొందరి ఫారంలో మొదటి గడి 500 డాలర్ల లోపు, చివరిది 4 లక్షల డాలర్ల పైన. విద్యార్థుల దగ్గర ఎంత ఉంటుంది చెప్పండి? మొదటి ఫారం వచ్చినవాళ్లు పైగడుల్లో టిక్కు పెట్టి, పరవాలేదు బాగానే ఉన్నాం అనుకుంటారు. రెండో ఫారం వచ్చినవాళ్లు దాదాపు అదే డబ్బుతో అట్టడుగు గడిలో పడతారు. ఎవరి డబ్బూ ఒక్క డాలరు కూడా పెరగలేదు, తగ్గలేదు. గడులు గీసిన కాగితం మారింది, అంతే.

ఆ తర్వాత వాళ్లు కొలిచింది తిండిని కాదు, అది కూడా చెప్పాలి. ఎలాంటి శరీరాకృతి ఉన్న అమ్మాయి నచ్చుతుందని మగపిల్లల్ని అడిగారు. డబ్బు తక్కువుందని అనిపించేలా చేసినవాళ్లు కాస్త బరువున్న అమ్మాయిని కోరుకున్నారు. భోజనశాలలోకి ఆకలితో వెళ్తున్నవాళ్లనీ, తిని బయటికొస్తున్నవాళ్లనీ విడివిడిగా అడిగితే, ఆకలిగా ఉన్నవాళ్లు కూడా అదే వైపు మొగ్గారు. అమ్మాయిల్ని ఇలా తూకం వెయ్యడం నాకేమంత నచ్చే ప్రశ్న కాదు గానీ, ఒక సంగతి మాత్రం తెలిసొచ్చింది. ఖాళీ కడుపూ ఖాళీ ఖాతా మనసుని ఒకే దిక్కుకి నెడుతున్నాయి. అదీ నిజంగా ఖాళీ అయిన ఖాతా కూడా కాదు, ఖాళీగా చూపించిన ఖాతా.

కాఫీ మెషీన్ దగ్గర నాకు జరిగిందీ అదే. నా ఫారం మార్చేశాడు ఆ కుర్రాడు, పాపం తెలియకుండానే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, లేకపోతే ఈ వ్యాసం తప్పుదోవ పడుతుంది. పేదరికం వేరు, అసంతృప్తి వేరు. పేదవాడు చవకగా కడుపు నింపేదాన్ని కొంటే అందులో మనస్తత్వ శాస్త్రం వెతకక్కర్లేదు, లెక్క సరిపోతుంది. కొవ్వు గ్రాముకి 9 క్యాలరీలు, పిండిపదార్థం 4, మాంసకృత్తులు 4. నూనె, పంచదార, మైదా కలిస్తే చాలా తక్కువ ఖర్చులో చాలా శక్తి వస్తుంది. కూరగాయలు, పండ్లతో అదే శక్తి తెచ్చుకోవాలంటే ఖర్చు పెరుగుతుంది, పాడైపోతాయన్న భయం ఒకటి. ఆడమ్ డ్రూనౌస్కీ, స్పెక్టర్ అనే పరిశోధకులు 2004లో ఈ లెక్కనే విడమరిచి చెప్పారు. పరిమితమైన డబ్బుతో రోజు గడవాల్సినవాడు శక్తి ఎక్కువున్న చవక తిండి వైపు వెళ్లడం తెలివైన పనే. అలాంటివాడికి, నీ మనసు ప్రశాంతంగా ఉంచుకో, తిండి దానంతటదే దారికొస్తుంది అని చెబితే చెంప పగలగొట్టాలి. వాడికి కావాల్సింది డబ్బు.

19వ శతాబ్దంలో ఎర్నెస్ట్ ఏంగెల్ అని జర్మనీలోని సాక్సనీకి చెందిన గణాంకవేత్త ఉండేవాడు. (మార్క్స్ సహచరుడైన ఆ ఎంగెల్స్ కాదు, ఈయన వేరు. నేనూ చాలాకాలం కలిపేశాను.) బెల్జియం కార్మిక కుటుంబాల ఖర్చుల లెక్కలు ముందేసుకుని 1857లో ఒక సూత్రం చెప్పాడు. ఆదాయం పెరిగేకొద్దీ అందులో తిండికి పోయే వాటా తగ్గుతుందని. ఇన్నేళ్లయినా ఆర్థికశాస్త్రంలో గట్టిగా నిలబడిన సూత్రాల్లో ఇదొకటి. కానీ ఏంగెల్ లెక్కలో ఉన్నది ఆదాయం ఒక్కటే. ఆ ఆదాయం గురించి ఇంటి యజమాని రాత్రిపూట ఏమనుకుంటున్నాడో రాసుకునే కాలమ్ అందులో లేదు. ఉంటే కొన్ని ఇళ్ల లెక్కలు వింతగా కనిపించేవి. సంపాదన పెరుగుతుంది, బాధా పెరుగుతుంది, అల్మరాలో ప్యాకెట్లూ పెరుగుతాయి.

సంపాదన పెరుగుతుంటే బాధ ఎలా పెరుగుతుందని అడిగేవాళ్లకి ఒక పాత ఉదాహరణ ఉంది. రెండో ప్రపంచయుద్ధం నాటి అమెరికా సైన్యంలో శామ్యూల్ స్టాఫర్ బృందం సైనికుల్ని పెద్ద ఎత్తున ప్రశ్నించింది. వైమానిక దళంలో ప్రమోషన్లు త్వరగా, ఎక్కువమందికి వచ్చేవి. మిలిటరీ పోలీసుల్లో చాలా అరుదు. ప్రమోషన్ల తీరు మీద ఎక్కువ అసంతృప్తి ఎవరికుందో తెలుసా? వైమానిక దళం వాళ్లకి. పక్కవాడికి వస్తున్నప్పుడే మనకి రానిది కనబడుతుంది. ఎవరికీ రాని చోట అదో లోటుగానే తోచదు.

ఇప్పుడు మన ఫోన్లు చూడండి. లోకమంతా ఒక పెద్ద వైమానిక దళం అయిపోయింది. ఎవరు ఇల్లు కొన్నారో, ఎవరు ఏ దేశం తిరిగొచ్చారో, ఎవరు ముప్పైఐదుకే రిటైర్ అయిపోయారో తెల్లారి లేవగానే తెలుస్తుంది. మన ఫారంలో గడులు రోజూ ఎవరో మార్చి రాస్తున్నారు. చివరి గడి ప్రతి ఉదయం ఇంకాస్త దూరం జరుగుతోంది.

సింగపూర్‌లో బాబీ చియాన్, యింగ్-యి హాంగ్ అనే పరిశోధకులు చేసిన పని ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. 2017లో అచ్చయింది. ఒక నిచ్చెన బొమ్మ చూపిస్తారు, పది మెట్లు. సమాజంలో డబ్బు, చదువు, మంచి ఉద్యోగం అన్నీ ఉన్నవాళ్లు పైమెట్టు మీద, ఏమీ లేనివాళ్లు కిందిమెట్టు మీద ఉన్నారనుకోమంటారు. తర్వాత కొందరిని పైమెట్టువాళ్లతో పోల్చుకోమంటారు, కొందరిని కిందిమెట్టువాళ్లతో. తలెత్తి పైకి చూసినవాళ్లు ఒక ఊహా విందులోంచి ఎక్కువ క్యాలరీలున్న పళ్లెం ఎంచుకున్నారు. నిజంగా తిండి ముందు పెట్టినప్పుడు కూడా ఎక్కువ తిన్నారు. వీళ్లలో ఎవరికీ ఆ పూట తిండికి లోటేం లేదు. మెడ ఎత్తి చూశారు, అంతే.

ఎందుకిలా జరుగుతుందంటే డేనియల్ నెటిల్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 2017లో చెప్పిన ఒక వివరణ నాకు సబబుగా తోచింది. చిన్న పక్షుల్ని గమనిస్తే, తిండి ఎప్పుడు దొరుకుతుందో నమ్మకం లేనప్పుడు అవి ఒంట్లో కొవ్వు పెంచుకుంటాయి. కొవ్వంటే వాటికి ఇన్సూరెన్సు. తిండి ఎప్పుడూ సమృద్ధిగా దొరికేచోట ఆ ప్రీమియం కట్టక్కర్లేదు, బరువు తక్కువుంటే ఎగరడం సులువు, పిల్లి నుంచి తప్పించుకోవడం సులువు. రేపటి మీద అనుమానం వస్తేనే కట్టాలి. మనుషుల్లోనూ తిండికి భరోసా లేకపోవడం లావుకి దారితీస్తుందా అని వాళ్లు చాలా పరిశోధనలు కలిపి చూశారు. సంపన్న దేశాల్లోని ఆడవాళ్లలో ఆ సంబంధం స్పష్టంగా కనిపించింది. మగవాళ్లలో, పిల్లల్లో, పేద దేశాల్లో అంత కనబడలేదు. కాబట్టి ఇది అందరికీ సరిపోయే తాళంచెవి కాదు. కానీ ఒక సంగతి గమనించండి. ఆ పిచ్చుక తింటున్నది ఇవాళ్టి ఆకలికి కాదు, రేపటి భయానికి. నాకు ఆ రాత్రి చిప్స్ కావాల్సొచ్చింది కూడా ఇవాళ్టి ఆకలితో కాదు. ఇంకో ఐదేళ్ల తర్వాత నేను ఎక్కడుంటానన్న బెంగతో. పిచ్చుక లెక్కలో అర్థముంది, దాని దగ్గర అల్మరా లేదు. నా దగ్గర ఉంది.

మా తమ్ముడు ఇదంతా ఒప్పుకోడు. డబ్బు టెన్షన్ వస్తే వాడికి ముద్ద దిగదు. రెండేళ్ల కిందట వాడు అప్పుల్లో ఉన్నప్పుడు బెల్టుకి కొత్త రంధ్రాలు వేయించుకున్నాడు. "నీ సిద్ధాంతం నా బెల్టుకి చెప్పరా అన్నయ్యా" అంటాడు. వాడు చెప్పేదీ నిజమే. ముంచుకొచ్చిన ప్రమాదం ఆకలిని చంపేస్తుంది. నెలల తరబడి నానుతూ ఉండే దిగులు మాత్రం చాలామందిని తీపి, కొవ్వు వైపు లాగుతుంది. ఇంటిముందు అప్పులవాడు నిలబడి ఉంటే ఎవరికీ చిప్స్ గుర్తురావు. అప్పులవాడు లేడు, జీతం వస్తోంది, అయినా ఏదో తక్కువైందనిపిస్తూ ఉంటుందే, ఆ స్థితి గురించి నేను మాట్లాడుతున్నాను. వాడిది గండం. నాది సణుగుడు. సణుగుడే వంటింట్లోకి నడిపిస్తుంది.

ఈ ప్రయోగాలన్నీ వేదవాక్కులా చెబుతున్నానని అనుకోకండి. వీటిలో చాలావాటిలో పాల్గొన్నవాళ్ల సంఖ్య చిన్నది, ఎక్కువమంది కాలేజీ పిల్లలు. ఇలాంటి మనస్తత్వ ప్రయోగాలు తిరిగి చేసి చూస్తే నిలవకపోవడం ఈ పది పదిహేనేళ్లలో చాలాసార్లు జరిగింది. అందులో ఒకటి నాకు వ్యక్తిగతంగా దెబ్బ కొట్టింది. మనోనిగ్రహం బ్యాటరీ లాంటిదనీ, పగలంతా వాడితే రాత్రికి అయిపోతుందనీ ఒక సిద్ధాంతం ఉండేది. నా రాత్రి తిండికి ఎన్నాళ్లు దాన్ని సాకుగా చెప్పుకున్నానో లెక్కలేదు. 2016లో 23 ల్యాబులు కలిసి 2 వేలమందికి పైగా మనుషుల మీద పరీక్షిస్తే ఆ ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. కాబట్టి ఏ ఒక్క ప్రయోగాన్నీ పట్టుకుని వేలాడను. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు పద్ధతుల్లో చూసినవాళ్లు ఒకే వైపు వేలు చూపిస్తున్నారు, నా అల్మరా కూడా అటే చూపిస్తోంది. నా నమ్మకం అంతవరకే.

బ్యాటరీ సిద్ధాంతం పోయినా, దాని చుట్టూ పుట్టిన సలహాలు మాత్రం పోలేదు. లావెక్కితే నీకు కంట్రోల్ లేదంటారు. ఒక పోషకాహార నిపుణురాలి దగ్గరికి నేనూ వెళ్లాను. మొదటి పది నిమిషాలు ఏమేం తింటానో రాసుకుంది, తర్వాతి పది నిమిషాలు ఏమేం తినకూడదో రాసిచ్చింది. ఎప్పుడు తింటానని అడిగింది. రాత్రి పదకొండుకి అన్నాను. "ఆ టైమ్‌లో తినకండి" అంది. ఆ టైమ్‌లో నా తలలో ఏం నడుస్తూ ఉంటుందని అడగలేదు. అడిగితే నిజం చెప్పేవాణ్నో లేదో, అది వేరే సంగతి. ఫీజు కట్టి బయటికొస్తుంటే మళ్లీ అదే లెక్క మొదలైంది, ఈ డబ్బుతో ఏం చేసి ఉండొచ్చని. కింద అంతస్తులోనే ఒక బేకరీ ఉంది. మిగతాది మీరే ఊహించుకోండి.

ఈ బాధ మీద వ్యాపారం చేసేవాళ్లకి మాత్రం ఇదంతా బాగా తెలుసు. తెలిసి చేస్తున్నారో, అమ్ముడవుతోంది కాబట్టి చేస్తున్నారో గానీ, గురి తప్పట్లేదు. పెద్ద సైజు సంగతే తీసుకోండి. డుబ్వా, రకర్, గాలిన్‌స్కీ అనే ముగ్గురు 2012లో గమనించింది ఏమిటంటే, తమ చేతిలో ఏమీ లేదన్న భావంలో ఉన్నవాళ్లు పెద్ద సైజు తిండినీ పానీయాల్నీ ఎంచుకుంటారు. ఎందుకంటే పెద్దది హోదాకి గుర్తు. ఇది ఆకలి పనో హోదా పనో తేల్చడానికి వాళ్లు ఒక తెలివైన పని చేశారు. చిన్న సైజే గొప్పవాళ్ల గుర్తుగా కనిపించే సందర్భం కల్పించారు. అప్పుడు అదే భావంలో ఉన్నవాళ్లు చిన్నదాన్నే ఎంచుకున్నారు. నేను దీన్ని రెండుసార్లు చదువుకున్నాను. కడుపు అడుగుతుంటే చిన్నది తీసుకోరు కదా. లోపల అడుగుతున్నది వేరే ఎవరో.

మనం ఏరికోరి పెద్ద బకెట్టు పాప్‌కార్న్ కొనుక్కునేటప్పుడు కౌంటర్ దగ్గర అబ్బాయి ఏమంటాడు? "ఇంకొంచెం వేస్తే పెద్దది వచ్చేస్తుంది సార్." పొద్దుణ్నుంచీ నాకు ఎవరూ పెద్దది ఇవ్వలేదు. ఆఫీసులో ఇవ్వలేదు, బ్యాంకులో ఇవ్వలేదు. ఇక్కడొకడు కొద్ది తేడాతో పెద్దది ఇస్తానంటున్నాడు. ఆ మాటకి లొంగనివాడికి దండం పెడతాను.

క్యాలరీల లేబుల్ సంగతి ఇంకా విచిత్రం. ప్యాకెట్ మీద క్యాలరీలు పెద్ద అక్షరాల్లో రాస్తే జనం తగ్గిస్తారని చాలామంది నమ్మకం. తృప్తిగా ఉన్నవాడు చూసి తగ్గిస్తాడేమో. మయామీలో లారన్, సలెర్నో అనే పరిశోధకులు 2013లో అచ్చేసిన పనిలో, కొందరికి ముందుగా కష్టకాలాన్ని, కొరతని గుర్తుచేసే మాటలు చూపించారు. తర్వాత చాక్లెట్లు పెట్టి, కొందరికి ఇందులో క్యాలరీలు ఎక్కువన్నారు, కొందరికి తక్కువన్నారు. నిజానికి రెండూ ఒకటే చాక్లెట్లు. కొరత మాటలు చూసినవాళ్లు ఎక్కువ క్యాలరీలన్న గిన్నెలోంచి ఎక్కువ, తక్కువ క్యాలరీలన్న గిన్నెలోంచి తక్కువ తిన్నారు. హెచ్చరిక అనుకుని రాసిందాన్ని వాళ్లు ప్రకటనలా చదివారు. ఇందులో సరుకుంది, ఇది తీసుకో అని.

ఆ రాత్రి నేనూ ప్యాకెట్ వెనక్కి తిప్పి చదివాను. ఫ్రిజ్ వెలుతుర్లో అంకె కనబడింది. అయ్యో అనిపించాలి కదా. నిజం చెబుతున్నాను, ఏదో మూల చిన్న గెలుపులా అనిపించింది. ఇంత నాది అన్నట్టు.

అందుకే, తినేవాడిని భయపెట్టి బాగుచేద్దామనుకునే ప్రచారాలంటే నాకు చిరాకు. నీ బరువు చూసుకో, నీ సేవింగ్స్ చూసుకో, నీ వయసులో మిగతావాళ్లు ఎక్కడున్నారో చూసుకో. ఆరోగ్యం యాప్ ఎర్ర గీత చూపిస్తుంది, బడ్జెట్ యాప్ ఇంకో ఎర్ర గీత చూపిస్తుంది. ఒకటి సరిదిద్దమన్నదాన్ని రెండోది పాడుచేస్తోందని రెండు కంపెనీలకీ పట్టదు. ఖర్చుల్లో నువ్వు సగటు కంటే వెనకబడ్డావని నెలాఖరున వచ్చే నోటిఫికేషన్ నా చేత ఎన్ని క్యాలరీలు తినిపించిందో దాని మీదా ఒక లేబుల్ ఉండాలి.

దీనికి విరుగుడుగా, ఉన్నదాంతో తృప్తిపడు అని చెప్పేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. జీతాల్లో తేడా అన్యాయమైతే అన్యాయమే. దాన్ని ధ్యానం చేసి మింగమనడం యజమానికి లాభం గానీ నాకేం కాదు. నా కడుపుమంటలో కొంత న్యాయం కూడా ఉంది. తిండితో ఆర్పితే ఆ న్యాయం కూడా ఆరిపోతుంది, మర్నాటికి బద్ధకం మిగులుతుంది. ఆ రాత్రి తిన్న చిప్స్ వల్ల జరిగిన అసలు నష్టం బరువు కాదని తర్వాత నాకు తట్టింది. మేనేజర్‌ని అడగాల్సిన ప్రశ్న ఒకటుండేది. అది ప్యాకెట్‌తో పాటు చెత్తబుట్టలో అడుక్కి పోయింది. మూడు నెలలు అడగలేదు.

మా అక్క ఒకసారి ఇంటికొచ్చినప్పుడు రాత్రి నన్ను వంటింట్లో పట్టేసుకుంది. లైట్ వేసింది. నా చేతిలో బిస్కెట్ల డబ్బా. తిడుతుందనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని, "ఎవడెంత సంపాదించాడట్రా ఇవాళ?" అంది.

ఒక్క నిమిషం ఏం మాట్లాడాలో తెలియలేదు. తర్వాత చెప్పాను. కాలేజీలో నా రూమ్మేట్ సొంత కంపెనీ అమ్మేశాడని, ఎంతకి అమ్మాడో పేపర్లో వేశారని. ఆవిడ డబ్బా మూత తీసి తనొకటి తీసుకుంది. వాడు కాలేజీలో ఎలా ఉండేవాడని అడిగింది. నా దగ్గర నోట్సు తీసుకుని తిరిగివ్వకపోవడం, పరీక్ష ముందురోజు రాత్రి నా మంచం మీద పడి ఏడవడం, అన్నీ చెప్పాను. నవ్వుకున్నాం. రూమ్మేట్ ఆ నిచ్చెన మీద నుంచి దిగొచ్చి మామూలు మనిషి అయ్యాడు. గంట తర్వాత చూస్తే బిస్కెట్లు నేను రెండే తిన్నాను, మిగతావి అక్క తినేసింది.

అది పద్ధతో కాదో నాకు తెలీదు. ఇప్పుడు వంటింటి గుమ్మం దగ్గర ఆగి, ఎవడెంత సంపాదించాడట్రా అని నన్ను నేనే అడుగుతుంటాను. జవాబు దొరికిన రాత్రుల్లో కొన్నిసార్లు వెనక్కి తిరుగుతాను, కొన్నిసార్లు తింటాను, కాకపోతే లైట్ వేసుకుని, ప్లేటులో పెట్టుకుని, కూర్చుని. జవాబు ఎవడి పేరూ కాకపోతే నిజంగానే ఆకలేస్తోందని అర్థం. అప్పుడు అన్నం పెట్టుకుంటాను.

మేనేజర్‌ని మొన్న అడిగాను. చూద్దాం అన్నాడు.